రెండో నంబరు

అయినా వాడే ఎందుకు ఫోన్ చేశాడు, మేనేజరు చేత చేయించొచ్చు, ఒక మెసేజీ పడేసినా సరిపోయేది, తొమ్మిదేళ్ళు మాటా పలుకూ లేని మనిషి ఏరా స్తంభం, ఎలా ఉన్నావ్ అని నిన్న సాయంత్రమే విడిపోయినట్టు పలకరిస్తే దాన్ని అవసరం అనుకోవాలా, ఆపేక్ష అనుకోవాలా, అతనికి నాలుగు రోజులుగా తేలలేదు, ఇప్పుడు సిటీ బస్సులో కిటికీ పక్క సీట్లో బేస్ గిటారు పెట్టెని రెండు మోకాళ్ళ మధ్య పసిపిల్లలా నిలబెట్టుకుని కూర్చున్నా తేలడం లేదు, ఫోన్ చేసినవాడు హీరో, హీరో అంటే సినిమా హీరో కాదు, బ్యాండ్‌లో పాడేవాడు, కాలేజీ రోజుల్లో ఎవరో వెటకారానికి పెట్టిన పేరు, తర్వాత స్టేడియం స్టేడియమంతా ఆ పేరే పెట్టి అరిచేసరికి వెటకారం ఎటు పోయిందో పోయింది, ఆ హీరో చెప్పింది నాలుగే ముక్కలు, ఇప్పుడు బేస్ వాయిస్తున్నతనికి వేలి నరం తెగింది, ఆరు నెలల టూరు ముందుంది, శుక్రవారం పొద్దున రిహార్సల్‌కి రా, మూడు పాటలు వాయించి చూద్దాం, కుదిరితే నువ్వే వద్దువు గాని, కుదిరితే, ఆ ఒక్క మాట చుట్టూ మనసు జోరీగలా తిరుగుతోంది, తను కట్టిన బాణీలు తను వాయించడానికి కుదరడమేమిటి, సొంత ఇంటి తలుపు తట్టి అద్దెకి గది ఉందా అని అడిగినట్టు, అయినా సరేనన్నాడు, హీరో వాక్యం పూర్తికాకముందే సరేనన్నాడు, ఆ తొందర తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి, పొద్దున మెట్లు దిగుతుంటే అక్క ఎదురొచ్చి చొక్కా కాలరు సరిచేసి, తిన్నగా మాట్లాడు, వాళ్ళేమన్నా మొహం మాడ్చుకుని వచ్చెయ్యకు అంది, యాభై దగ్గర పడుతున్న తమ్ముడికి చెప్పే మాటలేనా అవి, కానీ ఆరేళ్ళుగా ఆవిడ మేడమీద గదిలో ఉంటూ ఆవిడ వండింది తింటున్నవాడికి వయసెక్కడిది, బావ పేపరు వెనకనుంచి, ఏం బావమరిదీ, మళ్ళీ టీవీలో కనిపిస్తావా, కనిపిస్తే ఎక్కడ వెతకాలో ముందే చెప్పి వెళ్ళు, పోయినసారి హీరోగారి జుట్టు వెనకాల నీ మోచెయ్యి ఒక్కటే దొరికింది మాకు అన్నాడు, మీరూరుకోండి అంది అక్క, నవ్వాపుకుంటూనే, అమ్మయితే మొదటి క్యాసెట్ వచ్చినప్పుడు టేప్ రికార్డరుకి చెవి ఆనించి ఇందులో నీది ఏదిరా అని అడిగింది, అది ఎలా చూపించాలో తెలియక బేస్ తగ్గించే మీట పూర్తిగా కిందికి తిప్పి, ఇప్పుడు చూడమ్మా, ఏదో లోటుగా ఉంది కదూ అన్నాడు, అమ్మ పాపం శ్రద్ధగా విని, లేదురా, బాగానే ఉంది అంది, బస్సు గతుక్కుమంది, పెట్టె గడ్డానికి తగిలింది.

తొమ్మిదేళ్ళు, చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, సోలో కెరీర్ అంటారు దాన్ని, బ్యాండ్ వదిలిన కొత్తలో పత్రికలవాళ్ళు అదే మాట వాడారు, అతనూ వాడాడు, సొంత ఆల్బం చేశాడు, అందులో బేసే ముందు, పాట వెనక, డ్రమ్ములు ఎక్కడో పక్క వీధిలో, విన్నవాళ్ళు చాలా కొత్తగా ఉందన్నారు, ఆ మాట తర్వాత ఎవరూ ఇంకో మాట అనకపోవడం అతనికి అప్పుడు వింతగా తోచలేదు, రెండో ఆల్బం అట్టపెట్టెలు ఇప్పటికీ మేడమీద మంచం కింద ఉన్నాయి, అక్క ఊడ్చినప్పుడల్లా చీపురుకి తగిలి ఇవేం చేద్దాంరా అంటుంది, ఉండనీ అంటాడు, తర్వాత స్టూడియోలు, ప్రకటనలకి బాణీలు, నేల తుడిచే మందుకి ఒకటి, పిల్లల పేస్టుకి ఒకటి, ప్రతి చోటా మొదటిసారి పెద్ద బ్యాండ్ మనిషని లేచి నిలబడి కుర్చీ ఇచ్చేవాళ్ళు, ప్రతి చోటా చివర్లో సంగీత దర్శకుడు భుజం తట్టి, మళ్ళీ పిలుస్తాం అన్నా అనేవాడు, ఎవరూ పిలిచింది లేదు, రెండోసారి పిలుపు రాకపోవడం అనేది ఒక రోగంలాంటిది, పైకి కనిపించదు, నొప్పి పుట్టదు, ఒకరోజు చూసుకుంటే మనిషి సగమై ఉంటాడు, వాళ్ళకి అసూయ అనుకున్నాడు, భయం అనుకున్నాడు, తన స్థాయికి తగ్గ డ్రమ్మరు దొరకడం లేదనుకున్నాడు, అవును, అది నిజంగా నమ్మాడు, ఎందుకంటే ఎవరితో వాయించినా పాట చేతిలోంచి జారిపోయేది, వెనకనుంచి లాగే వాళ్ళు, బద్ధకస్తులు, ఒక్కడికీ లయ మీద పట్టు లేదు, మొద్దుగాడితో అలా ఉండేదా, మొద్దుగాడు అంటే బ్యాండ్ డ్రమ్మరు, రోజుకి పది మాటలు మించి మాట్లాడడు కాబట్టి మొద్దు, వాడూ తనూ ఒక్క ఊపిరి, ఇది అతను పత్రికలకి చెప్పాడు, ఆదివారాలు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి చెప్పాడు, డ్రమ్మరు కుడికాలు చూడండి, ఆ కాలు పెద్ద డ్రమ్ముని తన్నిన క్షణం, మీ వేలు తీగ మీద పడిన క్షణం ఒకటే కావాలి, మేం పదకొండేళ్ళు అలా వాయించాం, ఈ మధ్య మూడేళ్ళుగా వాయిద్యాల దుకాణంలో పని, నీలం రంగు టీ షర్టు, జేబు మీద దుకాణం పేరు, వచ్చినవాళ్ళకి గిటార్లు తీసి చూపించడం, వచ్చిన ప్రతివాడూ బేస్ చేతికివ్వగానే వాయించేది ఒకటే, ఒకప్పటి తన బ్యాండ్ పాటల్లో అన్నిటికంటే పెద్దదాని మొదటి ఎనిమిది స్వరాలు, అతను కట్టినవి, ఎవరికీ మొహం గుర్తుండదు, టీ షర్టు చూసి దీనికి బెల్టు ఫ్రీనా అని అడుగుతారు, ఒక్క రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం పోల్చాడు, ముసలితనంలో బేస్ నేర్చుకుంటున్నాడాయన, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న తాళం యంత్రం, ఒకరోజు కళ్ళద్దాలు సరిచేసుకుంటూ, మీరేమనుకోకపోతే ఒక మాటండీ, ఆ రికార్డు నేను యంత్రం పెట్టి కొలిచాను, మీ బేస్ గిటారు డ్రమ్ము కంటే వెంట్రుకవాసి ముందు పడుతోంది, ప్రతిసారీ, అది కావాలని చేశారా అని అడిగాడు, కావాలనే మాస్టారూ, అదే అందులో ఊపు అన్నాడు అతను, ఏమాత్రం తడుముకోకుండా, మాస్టారు పుస్తకం తీసి రాసుకున్నాడు.

రాసుకున్నాడు, రాసుకోనీ, ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, దిగాల్సిన స్టాపు ఇంకా దూరం, కిటికీలోంచి చూస్తే టైర్ల కొట్లు, ఆసుపత్రి గోడ, గోడ మీద బ్యాండ్ పోస్టరు, నాలుగు మొహాలు, అందులో నాలుగోది తనది కాదు, పోస్టరు వెనక్కి పోయింది, వెళ్ళిపోయిన రోజు కూడా ఇలాగే పొద్దున, ఐదో ఆల్బం చివరి పని జరుగుతోంది స్టూడియోలో, పాటలన్నీ రికార్డయ్యాయి, ఏ వాయిద్యం ఎంత వినిపించాలో తూకం వేస్తున్నారు, స్పీకర్లలో తన బేస్ లేదు, ఉంది, గోడ అవతల ఎవరో నడుస్తున్నట్టు ఉంది, ఇదేంటి, పెంచండి అన్నాడు, చాలు, పాటకి ఇంతే కావాలి అన్నాడు హీరో బల్ల మీద కాళ్ళు పెట్టుకుని, ఎవరు చెప్పారు ఇంతే కావాలని, అందరం అనుకున్నాం, అందరం అంటే ఎవరెవరు అంటూ అతను మొద్దుగాడి వైపు తిరిగాడు, నువ్వు చెప్పరా, నువ్వొక్కడివి చెప్పు, అని అడిగాడు, ఇప్పటికీ ఆ గొంతు అతనికి వినిపిస్తుంది, అడుక్కున్నట్టు ఉంది ఆ గొంతు, మొద్దుగాడు ఒక చిన్న డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని దాని మర బిగిస్తున్నాడు, తలెత్తలేదు, బిగించిన మరే మళ్ళీ బిగించాడు, అంతే, పదకొండేళ్ళ ఊపిరి ఆ మర దగ్గర ఆగిపోయింది, నేను పోతున్నా అన్నాడు అతను, ఎవరూ అడ్డుపడలేదు, తన పెద్ద స్పీకరు పెట్టె కావాలనే అక్కడ వదిలేసి వచ్చాడు, అది ఇవ్వడానికైనా ఎవరో ఒకరు వస్తారు, వస్తే తలుపు తీసి చాలాసేపు లోపలికి రమ్మనకూడదు, తర్వాత రమ్మనాలి, టీ ఇవ్వాలి, ఇవన్నీ అనుకుని మూడు రోజులు గడ్డం గీసుకుని కూర్చున్నాడు, నాలుగో రోజు సామాను మోసే వ్యాన్ వచ్చింది, డ్రైవరు స్పీకరు పెట్టె వాకిట్లో దించి, సార్, ఇక్కడో సంతకం పెట్టండి అన్నాడు, పెట్టాడు, అన్నేళ్ళ స్నేహానికి అందిన రసీదు అది, హీరో మీద కోపం ఆ ఏడాదికే చల్లారింది, గొంతున్నవాడికి పొగరుంటుంది, సహజం, కానీ ఆ తలెత్తకపోవడం, ఆ మర, తొమ్మిదేళ్ళలో అతను దాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించాడో, పిరికివాడు అని ఒకసారి, అమ్ముడుపోయాడు అని ఒకసారి, అసలు నన్నెప్పుడూ ఇష్టపడలేదు అని ఎక్కువసార్లు, టూరులో చోటు దొరకడం కంటే అతనికి కావలసింది అదే, ఒక్కసారి ఆ మొద్దు మొహం తలెత్తి నువ్వు లేక మా పాట చచ్చిపోయిందిరా అనాలి, అది వింటే చాలు, ఆ తర్వాత మళ్ళీ నీలం టీ షర్టు వేసుకోమన్నా వేసుకుంటాడు.

రిహార్సల్ హాలు ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ, గోడలకి దళసరి తివాచీలు కొట్టారు, అయినా చలి పోలేదు, హీరో ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు, పొట్ట ముందు తగిలింది, మనిషి తర్వాత, ఏరా స్తంభం, నువ్వు మాత్రం అలాగే ఉన్నావురా, తుప్పు కూడా పట్టలేదు అన్నాడు, పట్టింది, రంగు వేసుకొచ్చా అన్నాడు అతను, అందరూ నవ్వారు, ఆ నవ్వుకి గుండెలో ఏదో కరిగి జారింది, స్తంభం అని పేరు పెట్టింది కూడా హీరోయే, స్టేజీ మీద కదలకుండా నిలబడతాడని, అతను మాత్రం ఆ పేరుని ఎప్పుడూ ఇంకోలా తీసుకున్నాడు, పైకప్పు మోసేది కాబట్టి స్తంభం అని, మొద్దుగాడు డ్రమ్ముల వెనకనుంచి లేచి వచ్చాడు, జుట్టంతా తెల్లబడింది, మోకాలికి పట్టీ, చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపి, బావున్నావా అన్నాడు, బావున్నా అన్నాడు అతను, అంతే, తొమ్మిదేళ్ళకి అంతే, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు, గిటారిస్టు దూరం నుంచే చెయ్యి ఊపాడు, హాలు మూలన సౌండ్ పని చూసే అమ్మాయి మోకాళ్ళ మీద వైర్లు సర్దుతూ, ఇయర్‌ఫోన్ల డబ్బాలు చార్జింగులో ఉన్నాయి సార్, పావుగంట పడుతుంది అంది, ఈలోపు కాళ్ళ ముందున్న ఈ నేల స్పీకర్లతో ఒక పాట లాగించేద్దాం, పాతకాలంలాగా అన్నాడు హీరో, అతను ఎప్పుడూ నిలబడేచోటే నిలబడ్డాడు, మొద్దుగాడికి ఎడమ పక్క, రెండు గజాల దూరం, వాడు జేబులోంచి ఏదో తీసి ఎడమ చెవి తడుముకోవడం కనిపించింది, వినికిడి పోతోందేమో పాపం అనుకున్నాడు, వయసు, పాట మొదలైంది, తన ఎనిమిది స్వరాలు నేల స్పీకర్లోంచి బయటికొచ్చి కాళ్ళని పట్టుకున్నాయి, అబ్బ, ఎన్నాళ్ళయింది, ఆ మోతలోకి అతను వేడినీళ్ళలోకి దిగినట్టు దిగాడు, చూడండిరా, ఇది నేను, ఇదీ నేనంటే, అనుకుంటూ ఉండగానే గిటారు తడబడింది, హీరో చెయ్యెత్తాడు, మళ్ళీ, మళ్ళీ మొదలు, రెండో చరణంలో హీరోకి ఊపిరి అందలేదు, ఆగు ఆగు, ముందుకి పోతున్నావురా, కంగారు పడకు, మనిల్లే కదా అన్నాడు, మనిల్లే, నేను కాదు మీరే వెనకబడుతున్నారు అనబోయి అక్క మాట గుర్తొచ్చి మింగేశాడు, మూడోసారీ అంతే, ఈసారి హీరో ఏమీ అనకుండా నీళ్ళు తాగాడు, గిటారిస్టు సెల్‌ఫోన్ చూసుకున్నాడు, ఆ మౌనం అతనికి బాగా తెలుసు, ప్రతి స్టూడియోలో చివరి పావుగంట ఇలాగే ఉంటుంది, దీని తర్వాత వచ్చేది భుజం మీద చెయ్యి, మళ్ళీ పిలుస్తాం అన్నా, అయిపోయింది, కుదరలేదు, ఇంటికెళ్ళి అక్కకి ఏం చెప్పాలి, వాళ్ళకి వేరేవాళ్ళు దొరికారట అని చెప్పాలి, సరేలేరా, అన్నం తిను అంటుంది, అది ఇంకా ఘోరం.

డబ్బాలు రెడీ సార్ అంది సౌండ్ అమ్మాయి, బల్ల మీద నాలుగు నల్ల డబ్బాలు, నడుముకి తగిలించుకునేవి, ఒక్కోదాని నుంచి రెండు ఇయర్‌ఫోన్లు వేలాడుతూ, ఒక్కోదాని మీద తెల్ల టేపు, టేపు మీద అంకె, ఎవరి డబ్బా వాళ్ళ చెవికే, ఎవరికేది ఎంత వినిపించాలో అందులో ముందే సర్ది ఉంటుంది, అతను చూసుకోకుండా రెండో నంబరు తీసుకున్నాడు, ఈ బ్యాండ్‌లో మొదటి రోజు నుంచీ అతను రెండు, హీరో ఒకటి, అతను రెండు, గిటారు మూడు, డ్రమ్ములు నాలుగు, మైకుల మీద, పెట్టెల మీద, హోటలు తాళాల మీద, ఆఖరికి టూరు బస్సులో తువ్వాళ్ళ మీద కూడా అదే వరస, నిద్రలో లేపి అడిగినా చెయ్యి రెండు వైపే పోతుంది, ఆఖర్న వచ్చిన మొద్దుగాడు మిగిలిన డబ్బా అందుకున్నాడు, అతను నడుముకి తగిలించి చెవుల్లో బిగించుకున్నాడు, హాలు మాయమైంది, చెవుల్లో టిక్కు టిక్కుమని తాళం, హీరో గొంతు సవరింపు, మొద్దుగాడి కాలు పెద్ద డ్రమ్ము మీద గుప్పుమంది, పాట అందుకున్నారు, అతను తీగ మీటాడు, ఏమీ లేదు, మళ్ళీ మీటాడు, వేలికి తీగ తగులుతోంది, చెక్క కడుపుకి ఆని వణుకుతోంది, చెవిలో మాత్రం తను లేడు, కళ్ళెత్తి సౌండ్ అమ్మాయి కోసం చూశాడు, ఆమె తల వంచుకుని టాబ్లెట్ చూస్తోంది, ఆపమని చెయ్యెత్తాలి, ఎత్తితే నాలుగోసారి ఆపిన పాపం తన నెత్తికే చుట్టుకుంటుంది, ఇక కుదరడమనేది ఉండదు, ఎత్తలేదు, మునిగిపోతున్నవాడు గట్టుని చూసినట్టు మొద్దుగాడి కుడికాలు చూశాడు, ఆ కాలు వెంట పడ్డాడు, చెవి నిండా ఆ కాలే, అది పడేవరకు తీగ ముట్టుకోడానికి భయం, పడ్డాక ముట్టుకుంటున్నాడు, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, ఇలాంటి నడక ఈ పాటలో ఉందా, ఇంత నిదానం, ఇంత చోటు, రెండు దెబ్బల మధ్య ఒక మనిషి కూర్చుని ఊపిరి పీల్చుకునేంత చోటు, హీరో గొంతు ఆ చోట్లో కాళ్ళు చాపుకుని పాడుతోంది, తను లేని పాట చెవుల్లో నిండుగా, గుండ్రంగా, ఎక్కడా వెలితి లేకుండా సాగిపోతుంటే అతనికి టేప్ రికార్డరుకి ఆనించిన అమ్మ చెవి కనిపించింది, లేదురా, బాగానే ఉంది, పాట చివరిదాకా వెళ్ళింది, ఎవరూ ఆపలేదు.

హీరో ఇయర్‌ఫోన్లు పీకేసి, వచ్చేసిందిరా, ఇదీ, ఇదీ మన పాట అని అరిచాడు, గిటారిస్టు సెల్‌ఫోన్ జేబులో పెట్టాడు, ఇంతకుముందు ఎందుకలా చేశావురా, మమ్మల్ని ఆటపట్టించావా, సరే, టూరుకి నువ్వే, ఇంక మాటల్లేవు, పెట్టె సర్దుకో అన్నాడు హీరో, తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట అంత సులువుగా వచ్చి ముందు పడింది, దాన్ని అందుకోవడానికి అతని చేతులు లేవలేదు, సౌండ్ అమ్మాయి దగ్గరికి వెళ్ళి మెల్లిగా, అమ్మా, నా డబ్బాలో నా బేస్ రాలేదు అన్నాడు, ఆమె డబ్బా చూసి నాలిక కరుచుకుంది, అయ్యో సార్, రెండో నంబరు డ్రమ్స్ సార్‌ది, మీది నాలుగు, మారిపోయాయి, సారీ సార్, అందులో బేస్ ఉండదు, సున్నాలో పెట్టేస్తాం, ఎవరి బేస్ అయినా అంతే, ఆయన వద్దంటారు, నేనొచ్చిన దగ్గర్నుంచీ అలాగే, ఆయనకి తికమకట సార్ అంది, అంటే మీదేమో ఆయనకి వెళ్ళిపోయింది, పాపం బేస్ అంతా ఆయన చెవుల్లో హోరెత్తిపోయి ఉంటుంది అని నవ్వింది, అతను నవ్వలేదు, తన తర్వాత అంకెలు జరిగాయి, నాలుగోవాడు రెండుకి వచ్చాడు, అందులో విచిత్రమేమీ లేదు, కానీ సున్నా, ఎవరి బేస్ అయినా సున్నా, అంటే తన తర్వాత ఇంకెవరినీ వినలేకపోయాడా, తన లోటు అంతుందా వాడికి, ఒక్క క్షణం, సిగ్గులేని ఒక్క క్షణం అతని మనసు ఎగిరింది, ఆ ఎగిరినదాన్ని పట్టుకునే డ్రమ్ముల దగ్గరికి నడిచాడు, మొద్దుగాడు ఎడమ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, దాని పక్కన తొడ మీద ఒక చిన్న దూది ఉండ పెట్టుకుని కూర్చున్నాడు, ఇందాక జేబులోంచి తీసింది అదేనని అప్పుడర్థమైంది.

నీ చెవులు నాకొచ్చాయిరా అన్నాడు మొద్దుగాడు, తెలుసు అన్నాడు అతను, బాగా వాయిస్తావురా నువ్వు అన్నాడు మొద్దుగాడు, అదేంటి, ఇవాళే విన్నట్టు చెప్తావేంటి, పదకొండేళ్ళు నీ పక్కనే ఉన్నాగా, మొద్దుగాడు దూది ఉండని వేళ్ళతో నలిపాడు, మొదటి ఏడాది విన్నా అన్నాడు, ఆ తర్వాత అని అడిగాడు అతను, ఆ తర్వాత ఇది, నేల స్పీకర్లున్న రోజుల్లో నీ పక్క చెవిలో పెట్టుకునేవాణ్ణి, నువ్వు పరిగెత్తేవాడివిరా, కొంచెమే, నీ మోత నువ్వే విని మురిసిపోయి పరిగెత్తేవాడివి, నిన్ను వింటే నా కాలు నీ వెనక పోయేది, పాట పాటంతా పరిగెత్తేది, హీరోకి ఊపిరాడేది కాదు, అందుకని వినడం మానేశా, నేనొకచోట నిలబడితే నువ్వు ఎంత దూరం పోయినా మళ్ళీ వచ్చేవాడివి, పదేళ్ళు అన్నాడు అతను, ఊఁ, పదేళ్ళు, నాకెందుకు చెప్పలేదు, మొద్దుగాడు జీవితంలో మొదటిసారి అన్ని మాటలు వరసగా మాట్లాడినవాడిలా అలసిపోయి చూశాడు, చెప్తే వెళ్ళిపోతావనుకున్నా అన్నాడు, వెళ్ళిపోయాగా అన్నాడు అతను, ఊఁ, వెళ్ళిపోయావు, ఆ ఐదో ఆల్బం అప్పుడు నీది తగ్గించమని హీరోకి చెప్పింది నేనేరా, ఎందుకు తగ్గించాలో వాడికీ చెప్పలేదు, పెంచితే అందరికీ తెలిసిపోయేది నువ్వు ముందుకి పోతున్నావని, నువ్వేమో నా మొహం చూసి అడిగావు, ఏం చెప్పను, పెంచమంటే నీ పరువు పోతుంది, వద్దంటే నిన్నే వద్దన్నట్టు, మర బిగించా, అన్నాడు, అని దూది ఉండని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు, ఇవాళ మాత్రం నాలుగో నంబరు పుణ్యమా అని చెవుల నిండా విన్నా, ఎంత బావుందిరా, నా కాలు మీద కాలేసి నడిచావు, ఇవాళ ఎలా వాయించావు అలా, అతను నిజం చెప్పలేకపోయాడు, నన్ను నేను వినలేదు కాబట్టి అని చెప్పడానికి నోరు తెరిచి, ఏమో, అలా కుదిరింది అన్నాడు.

రెండో పాట అందుకుందామా అని హీరో మైకులో అరుస్తున్నాడు, మంచి ఊపు మీదున్నాడు, సౌండ్ అమ్మాయి నాలుగో నంబరు డబ్బా తెచ్చి అతని నడుముకి తనే తగిలించి, సార్, మీ బేస్ మీకు ఎంత పెట్టమంటారు, గట్టిగానా అని అడిగింది, ఎన్నో ఏళ్ళుగా ప్రతి స్టూడియోలో ఈ ప్రశ్నకి అతని జవాబు ఒకటే, అన్నిటికంటే పైన అని, ఇవాళ మాత్రం, వద్దమ్మా, నాది తీసెయ్యి, వాడి కాలు పెట్టు చాలు అన్నాడు, అదేంటి సార్, మీరు కూడానా అంది ఆమె, మీ ఇద్దరూ దొందూ దొందే అన్నట్టు చూసి టాబ్లెట్ మీద వేలు కిందికి జరిపింది, అతని మోత చిన్నదై, గోడ అవతలికి పోయి, లేకుండా పోయింది, చోటు దొరికింది, ఆరు నెలలు, పోస్టరు మీద నాలుగో మొహం, అక్క సంతోషిస్తుంది, బావ మోచెయ్యి కోసం వెతుకుతాడు, సంతోషం రావాలి కదా, ఏది, రాలేదు, మాస్టారు పుస్తకంలో రాసుకున్నది తప్పని రేపు చెప్పాలి, కావాలని కాదు మాస్టారూ, నాకు తెలియదు, చెప్పినా ఏం లాభం, మంచం కింద అట్టపెట్టెల్లో, నేల తుడిచే మందులో, పిల్లల పేస్టులో, ఆదివారాల పాఠాల్లో, అంతటా తను ఒక్కడే పరిగెత్తుకుంటూ పోయాడు, వెనక నిలబడి మళ్ళీ రానిచ్చే కాలు లేక ఎక్కడికక్కడ పడిపోయాడు, పడిన ప్రతిచోటా నేలని తిట్టాడు, నన్ను వినలేదు నన్ను వినలేదని తొమ్మిదేళ్ళు అక్కకి చెప్పాడు, గోడలకి చెప్పాడు, వాళ్ళు వినలేదన్నది నిజమే, మొద్దుగాడు పుల్లలు పైకెత్తాడు, ఒకటి, రెండు, తెల్లబడిన ఆ తల లయకి ఊగుతోంది, పక్కకి చూడటం లేదు, పదేళ్ళూ ఇలాగే చూడకుండా, ఇంకొకడి తప్పుని చెవిలో కుక్కుకుని, బరువని ఒక్కసారి మూలగకుండా మోశాడు, పక్కనున్నవాడు దాన్ని తన బలమనుకుని రొమ్ము విరుచుకుని నిలబడుతుంటే కూడా నోరెత్తలేదు, ఆ పదేళ్ళలో ఆ కాలు పడిన ప్రతిసారీ అందులో ఒక మాట ఉంది, ఇక్కడున్నా, తిరిగి రా, అని, మూడు, నాలుగు, తను ఆ కాలుని చూశాడు, అందరికీ చూపించాడు, ఆదివారాలు పాఠం చెప్పాడు, ఒక్కరోజు, ఒక్క పాటలో, ఒక్క దెబ్బ కూడా వినలేదు.